డాన్ తిన్నదానికి బిల్లు ఎవరు కట్టిండ్రు?

పోయిన ఆదివారం ఊళ్లోనే ఉన్నా. తిరుమలగిరి చౌరస్తాలో ఎప్పుడూ కూర్చునే హోటల్లో చాయ్ తాగుతున్నా. హోటల్ అంటే ఏసీ, మెనూ కార్డు ఉంటాయనుకునేరు! రెండు బల్లలు, నాలుగు బెంచీలు. పొద్దున ఇడ్లీ, బోండా. సాయంత్రం మిర్చీలు. అంతే.

ఫోన్ టింగుమంది. మా చిన్నమ్మ కొడుకు. న్యూజెర్సీలో ఎంఎస్ చేసి అక్కడే జాబ్ చేస్తున్నాడు. వీకెండ్ న్యూయార్క్ వెళ్లి, ఒక పాత ఇటాలియన్ రెస్టారెంట్ నుంచి వీడియో పెట్టాడు. గళ్ల టేబుల్ క్లాత్, గోడల నిండా బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు, ఎర్రటి టమాటా సాస్‌లో మునిగిన మీట్‌బాల్స్. కెమెరా మూల టేబుల్ వైపు తిప్పి గుసగుసగా చెప్తున్నాడు: "అన్నా, ఈ కుర్చీలనే డాన్ కూసునేటోడంట. గోడకు వీపు ఆనిచ్చి, తలుపు దిక్కే చూస్కుంట తినేటోడంట. గూస్‌బంప్స్ అన్నా!"

నాకూ వచ్చాయి, అబద్ధమెందుకు? 'గాడ్‌ఫాదర్' చూసినవాళ్లెవరికైనా వస్తాయి.

పక్క బెంచీ మీద తాత ఉన్నాడు. మా సొంత తాత కాదు, చౌరస్తాలో అందరికీ తాతే. తొంభైకి దగ్గర పడ్డాడు. జీవితమంతా గొర్లు కాసిన మనిషి. ఫోన్ దగ్గరికి తీసుకుని వీడియో మొత్తం చూశాడు.

"డాన్ అంటే ఎవరు బిడ్డా?"

"పెద్ద రౌడీ తాతా. ఆ బస్తీ మొత్తం ఆయన మాట వినాలె. దుకాణాలోళ్లు నెలనెలా పైసలు కట్టాలె. లేకపోతే దుకాణం ఉండదు."

"ఓహో, దొర."

"ఆఁ... కొంచెం అట్లనే."

తాత చాయ్ ఊదుకుంటూ అడిగాడు: "మరి తిన్నదానికి బిల్లు కడుతుండెనా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి అదే ప్రశ్న పట్టుకుని ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టా.

న్యూయార్క్‌లో ఇలాంటి హోటళ్ల కథలు చాలానే ఉన్నాయి. ఈస్ట్ హార్లెమ్‌లో ఒకటుంది, ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూస్తే అచ్చం మన 'రావు గారి' హోటలే! పలకడం మాత్రం 'రేయోస్' అని పలకాలి. 1896 నుంచి నడుస్తోంది. ఉన్నవి 10 టేబుళ్లు. అవి కూడా ఏళ్ల తరబడి వచ్చే పాత కస్టమర్ల పేరు మీదే ఉంటాయి. డబ్బులున్నా మనకు టేబుల్ దొరకడం కష్టం. అక్కడే 2003 డిసెంబర్‌లో, పాట పాడుతున్న అమ్మాయిని వెక్కిరించాడని ఒకడు ఇంకొకణ్ని కాల్చి చంపాడు. ఇద్దరికీ మాఫియాతో సంబంధాలున్నాయి.

లిటిల్ ఇటలీలో ఉంబర్టోస్ క్లామ్ హౌస్ ఇంకొకటి. 1972 ఏప్రిల్ 7న జో గాలో అనే గ్యాంగ్‌స్టర్ తన 43వ పుట్టినరోజుకి ఫ్యామిలీతో అక్కడ తింటున్నాడు. శత్రువులు లోపలికొచ్చి కాల్చేశారు. 'గాడ్‌ఫాదర్' సినిమా వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు.

కానీ నన్ను ఆపేసింది మూడోది. 1979 జూలై 12. బ్రూక్లిన్‌లో 'జో అండ్ మేరీస్' అనే చిన్న ఇటాలియన్ రెస్టారెంట్. కార్మైన్ గలాంతే అనే మాఫియా బాస్ వెనక పెరట్లో కూర్చుని లంచ్ చేస్తున్నాడు. ముసుగులేసుకున్న మనుషులొచ్చి కాల్చారు. చనిపోయాక కూడా ఆయన నోట్లో చుట్ట అలాగే ఉంది. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

ఆ ఫొటో కింద చాలామంది చదవని సంగతి ఒకటుంది. ఆ రోజు చనిపోయింది ఒక్క గలాంతే కాదు. మొత్తం ముగ్గురు. వాళ్లలో ఒకరు జుసెప్పె తురానో. ఎవరాయన? ఆ హోటల్ ఓనర్. ఆయన కొడుక్కి కూడా తూటాలు తగిలాయి. ఇంటికొచ్చిన బంధువుకి అన్నం పెట్టిన మనిషి తన హోటల్లోనే చచ్చిపోయాడు. చుట్ట అందరికీ గుర్తుంది, వండి పెట్టినాయన ఎవరికి గుర్తున్నాడు?

మర్నాడు పొద్దున తాత దగ్గరికెళ్లి చెప్పా, "తాతా, బిల్లు హోటలాయనే కట్టిండు" అని.

తాత కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన కథ చెప్పాడు.

"నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏండ్లు. గడీకి సుట్టాలొస్తే మా నాయిన ఒక పొట్టేలు తోలాలె. ధర అడిగేటిది లేదు. గౌండ్లాయన కల్లు తేవాలె, కుమ్మరాయన కుండలు తేవాలె. ఒకపారి నేను సాదుకున్న పొట్టేలునే తోలుకపోయిండ్రు. నేను ఏడ్సుకుంట గడీ దాక పోయిన. బయట నిలబడ్డ. వాసన నా దాక వచ్చింది, ముక్క రాలె."

దీని పేరే వెట్టి. స్కూల్లో ఒక పేరాలో చదివి దాటేసిన మాట. మా ఊరి నుంచి జనగామ దిక్కు పోతే విసునూరు, కడవెండి, పాలకుర్తి అన్నీ దగ్గరే. విసునూరు దేశ్‌ముఖ్ పెత్తనం కింద పదుల కొద్దీ ఊళ్లుండేవి. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుగా పోతున్న జనం మీద ఆయన మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు. తెలంగాణ సాయుధ పోరాటానికి నిప్పు అంటుకున్నది అక్కడే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను కౌలుకు దున్నుకున్న పొలం కోసం అదే దొరకు ఎదురు నిలిచింది.

ఇప్పుడా కాలం గురించి సినిమా తీస్తే కెమెరా ముందు గడీనే చూపిస్తుంది. పెద్ద దర్వాజ, ఊయల బల్ల, దొర మీసం, బీజీఎం. మనం ఈల వేస్తాం. పొట్టేలు తోలిన పిల్లోడు ఫ్రేమ్‌లో ఉండడు.

తాత అక్కడితో ఆగలేదు. మేం కూర్చున్న బెంచీ తట్టి అన్నాడు: "తరువాత నేను పెద్దగైనంక ఇసొంటి హోటళ్లల్ల నాకు లోపల బెంచీ దొరికింది బిడ్డా. దళితవాడోళ్లకు మాత్రం బయటనే, గ్లాసు వేరే. తాగి కడిగి పెట్టి పోవాలె. గడీ బయట నిలబడ్డోన్నే నేను. అయినా హోటల్ల కూసున్నంక నేనూ అడగలె." రెండు గ్లాసుల పద్ధతి అంటే ఇదే. తాత దాన్ని దాచుకోకుండా చెప్పాడు. అందుకే ఆయన మాట మీద నాకు నమ్మకం.

సరే, డాన్ టేబుల్ దగ్గర సెల్ఫీ దిగితే తప్పా? తప్పనడం లేదు. మన దగ్గరా జైలు మండీలున్నాయి, కటకటాల వెనక కూర్చుని బిర్యానీ తింటున్నాం. కానీ ఆ కథలో బిల్లు కట్టినవాళ్లు ఇంకా ఉన్నారని గుర్తుండాలి. స్పెయిన్‌లో ఒక ఇటాలియన్ రెస్టారెంట్ చెయిన్ 'మాఫియా భోజనానికి కూర్చుంది' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకుంది. ఇటలీ ప్రభుత్వానికి కాలింది. కేసు యూరోపియన్ యూనియన్ కోర్టు దాకా వెళ్లింది. 2018 మార్చిలో కోర్టు ఆ ట్రేడ్‌మార్క్ చెల్లదని చెప్పేసింది. మనకు థీమ్, వాళ్లకు చావు ఇల్లు.

మాఫియా వసూలు చేసే మామూలును ఇటలీలో 'పిజ్జో' అంటారు. తినే పిజ్జా కాదు! సిసిలీలోని పలెర్మోలో లిబెరో గ్రాస్సీ అనే బట్టల ఫ్యాక్టరీ యజమాని ఆ మామూలు కట్టనన్నాడు. 1991 జనవరిలో పేపర్లో బహిరంగంగా ఉత్తరమే రాశాడు. తోటి వ్యాపారులు ఆయన పక్కన నిలబడలేదు. అదే ఏడాది ఆగస్టు 29న ఇంటి దగ్గరే కాల్చి చంపారు.

పదమూడేళ్ల తర్వాత, 2004లో, అదే పలెర్మోలో మన వయసు పిల్లలు కొందరు పబ్ పెడదామనుకున్నారు. లెక్కలు వేసుకుంటుంటే డౌటొచ్చింది: 'మామూలు అడిగితే ఏం చేద్దాం?' ఒక రాత్రి ఊరంతా స్టిక్కర్లు అంటించారు. మామూలు కట్టే జాతికి ఆత్మగౌరవం లేదని దాని సారాంశం. అదే 'అద్దియోపిజ్జో' ఉద్యమమైంది. మామూలు కట్టని షాపుల, హోటళ్ల లిస్టు తయారుచేసి, అక్కడే కొనండి, అక్కడే తినండి అన్నారు. హీరోయిజం అంటే నాకు ఇదీ.

ఇదంతా తమ్ముడికి వాయిస్ మెసేజ్ పెట్టా. తాత ప్రశ్న కూడా చెప్పా. రెండు గంటల తర్వాత రిప్లై వచ్చింది: "తాతకు చెప్పన్నా, నేనైతే టిప్పుతో సహా కట్టిన."

తాతకు వినిపించా. బోసినోటితో నవ్వాడు. లేచేటప్పుడు రెండు చాయ్‌ల డబ్బులు నేనివ్వబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. నడుముకున్న చిన్న సంచి విప్పి, చిల్లర లెక్కపెట్టి, తన చాయ్ పైసలు తనే బల్ల మీద పెట్టాడు.

"ఎవని చాయ్ పైసలు వాడే ఇయ్యాలె బిడ్డా" అన్నాడు.