తెలుసుకోదగిన సంగతులు: మట్టిలోని కేబులుకు గాయమెక్కడ?

1902లో శివనసముద్రం జలపాతం వద్ద పుట్టిన కరెంటు ముందుగా కోలారు బంగారు గనులకు చేరినది. 1905లో బెంగుళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగినవి. ఆనాడు గనులకు కరెంటు తెచ్చిన తీగలు ఆరుబయట స్తంభాల మీద నడిచేవి. తెగితే కంటికి కనిపించేవి. ఈనాడు మన నగరంలో చాలాచోట్ల తీగ కేబులుగా మట్టిలోకి దిగింది. గాలివానకు కొమ్మ విరిగిపడే బెడద తగ్గింది గాని, లోపల గాయమైతే వెదకడం కష్టమైనది.

దీపం ఆరగానే "వచ్చి ఇంతసేపయింది, ఇంకా తవ్వరేమండీ?" అని మనం విసుక్కుంటాము. తవ్వడం చివరి పని. మొదట కేబులుకు రెండు కొసలా సరఫరా ఆపి, అందులో నిలిచిన విద్యుత్తును భూమిలోకి దింపుతారు. సరఫరా ఆపినా పొడవాటి కేబులు కొంత విద్యుత్తును పట్టి ఉంచుకుంటుంది. ఈ జాగ్రత్త తప్పితే పనివాని ప్రాణానికే ముప్పు. తరువాత మెగ్గరు అనే పరికరంతో లోపలి తీగలలో దేని తొడుగు చెడినదో పరీక్షిస్తారు.

ఇక దూరం తేల్చాలి. కేబులులోకి చిన్న విద్యుత్తరంగం పంపితే, నూతిలో వేసిన కేక తిరిగి వినిపించినట్లు, అది గాయం వద్ద తగిలి వెనుకకు వస్తుంది. ఈనాటి ప్లాస్టిక్ తొడుగు కేబుళ్లలో సెకనులో పదిలక్షవ వంతు కాలానికి అది సుమారు 160 మీటర్లు పోతుంది. పోయి రావడానికి అటువంటివి 10 పట్టినచో నడిచినది 1,600 మీటర్లు. అందులో సగం, 800 మీటర్ల దూరాన గాయమున్నదన్నమాట.

అయితే అది కేబులు పొడవు, రోడ్డు పొడవు కాదు. కేబులు వంపులు తిరుగుతుంది. అతుకుల వద్ద కొంత అదనంగా వదులుతారు. అందుచేత ఆ ప్రాంతానికి పోయి, కేబులుకు ఉండి ఉండి అధిక వోల్టేజి దెబ్బ కొడతారు. గాయం వద్ద నిప్పురవ్వ లేచి, మట్టిలో 'ధబ్' మంటుంది. నేల మీద మైక్రోఫోను ఆనించి ఒకరు అడుగడుగునా వింటూ పోతారు. చప్పుడు ఎక్కడ గట్టిగా ఉంటే అక్కడే గునపం పడుతుంది.

ఈ గాయాలలో చాలావాటికి మూలం పరుల తవ్వకమే. మా వీధిలో ఒకసారి నీటి గొట్టానికి తవ్వినవారు, కేబులుకు గునపం తగిలిన సంగతి చెప్పక మట్టి కప్పిపోయారు. నెలల తరువాత వాననీరు దిగి రాత్రంతా చీకటి. ఆక్సిజన్ యంత్రం మీదున్న ఒక పెద్దావిడను ఆ చీకట్లోనే ఆసుపత్రికి తరలించవలసి వచ్చింది. నిజం ఒక్క మాట చెప్పి ఉంటే ఆనాడే అతుకు పడేది.

2023లో కేంద్ర ప్రభుత్వం 'కాల్ బిఫోర్ యు డిగ్' అనే ఫోను యాప్‌ను ప్రారంభించింది. తవ్వబోయే సంస్థలు చోటు తెలిపితే, అక్కడ కేబుళ్లు, గొట్టాలు గలవారికి కబురు అందుతుంది. ఎక్కడ ఏమి పూడ్చినారో వ్రాసిపెట్టుకున్న పటం కూడా అంతే ముఖ్యం. రిజిస్టరు సరిగా లేని ఆఫీసులో కాగితం వెదకడమెంత పనో మావంటి గుమాస్తాలకు తెలుసు.

గేటు స్తంభానికో చెట్టుకో ఇంటి ముందు గుంట తీయించే ముందు విద్యుత్తు వారిని అడగండి. కేబులుకు దెబ్బ తగిలితే ముట్టుకోకండి, కప్పకండి. పిల్లలను దూరంగా ఉంచి, వెంటనే బెస్కాం వారి 1912కు ఫోను చేయండి. చెప్పిన గాయం పూటలో మానుతుంది. దాచిన గాయం వానాకాలానికి వీధినంతా ఏడిపిస్తుంది.