బంగారు పొట్టేలు

"ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?" అని పెద్దలు అంటూ ఉంటారు. మీ ఇంటికి చుట్టాలు వస్తే, మిమ్మల్ని చూడగానే వాళ్ళు చేసే మొదటి పని ఏమిటి? "కళ్ళు అచ్చం తండ్రివే, ముక్కు మాత్రం మేనమామది!" అని పోలికలు ఎంచటం. మందలు కాచేవాళ్ళు కూడా ఈ పనే చేస్తారు. ఏ పిల్ల ఏ పొట్టేలుకు పుట్టిందో, దాని తల్లి ఏ గొర్రో వాళ్ళకు జ్ఞాపకం ఉంటుంది. మందలో బాగా ఎదిగిన పొట్టేలును అమ్మకుండా అట్టే పెట్టుకుంటారు. దాని పిల్లలు కూడా దానిలాగే బలంగా ఎదుగుతాయని వాళ్ళ నమ్మకం.

ఈ నమ్మకం చాలావరకు నిజమే. ఇంగ్లండులో రాబర్ట్ బేక్‌వెల్ అనే రైతు 18వ శతాబ్దంలో మంచి పొట్టేళ్ళను ఏరి, వాటి సంతతిలో మళ్ళీ మంచివాటిని ఏరి, త్వరగా ఎదిగి ఒళ్ళు చేసే గొర్రెల జాతిని తయారుచేశాడు. ఇతర రైతులు ఆయన పొట్టేళ్ళను అద్దె ఇచ్చి మరీ తీసుకుపోయేవారు.

ఐతే ఒక పొట్టేలు విషయంలో మాత్రం అందరి లెక్కలూ తలకిందులయాయి. ఆ కథ వినండి.

1983లో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో, డార్సెట్ జాతి గొర్రెల మందలో ఒక పొట్టేలు పుట్టింది. దాని పేరు 'సాలిడ్ గోల్డ్', అంటే మేలిమి బంగారం. దానికి పుట్టిన పిల్లల్లో కొన్ని చిత్రంగా ఉన్నాయి. పుట్టినప్పుడు అవి మిగతా పిల్లలలాగే ఉండేవి. కాని నెల తిరిగేసరికి వాటి నడుమూ, తొడలూ కండపట్టి, కుస్తీ వస్తాదుల్లాగా తయారయేవి. వాటి వెనకభాగపు కండలు మామూలు గొర్రెల కండలకంటె సుమారు మూడోవంతు పెద్దవి. ఒంట్లో కొవ్వు తక్కువ. తిన్న మేత కూడా ఎక్కువగా కండకే పోతున్నది.

శాస్త్రజ్ఞులు ఈ లక్షణానికి 'కాలిపైజ్' అని గ్రీకు పేరు పెట్టారు. "అందమైన పిరుదులు కలది" అని దాని అర్థం. నవ్వకండి, శాస్త్ర గ్రంథాల్లో నిజంగానే ఆ పేరు ఉన్నది!

మేత పెరగకుండా మాంసం పెరిగితే ఏ రైతుకు చేదు? ఇట్లాటి గొర్రెలతో మందలకు మందలే నింపవచ్చునని చాలామందికి ఆశ కలిగింది. అందుకు మార్గం కూడా సులువుగానే కనపడింది.

ఆ మార్గమేమిటో తెలియాలంటే బఠానీల సంగతి కొంచెం తెలియాలి. గ్రెగర్ మెండెల్ అనే మఠవాసి బఠానీ మొక్కలతో ప్రయోగాలు చేసి, 1866లో ఒక వ్యాసం ప్రకటించాడు. ఏ లక్షణానికైనా ప్రతి మొక్కలోనూ రెండు పాళ్ళు ఉంటాయనీ, ఒకటి తండ్రి వైపు నుంచీ, రెండవది తల్లి వైపు నుంచీ వస్తుందనీ ఆయన కనిపెట్టాడు. వీటినే మనమిప్పుడు జన్యువులంటున్నాం. మీలోనూ అంతే, గొర్రెలోనూ అంతే. ఒకే పుస్తకానికి రెండు ప్రతులు ఉన్నట్టు, ఒక్కొక్క జన్యువుకూ రెండేసి ప్రతులు ఉంటాయి. ఆ పుస్తకం డి.ఎన్.ఎ. అనే పదార్థంతో, నాలుగే నాలుగు అక్షరాలతో రాసి ఉంటుంది. మెండెల్ లెక్కలో జన్యువు తండ్రి నుంచి వచ్చినా, తల్లి నుంచి వచ్చినా ఫలితం ఒకటే.

ఇక గొర్రెల దగ్గరికి వద్దాం. కండలు తిరిగిన పొట్టేలును మామూలు గొర్రెలతో కలిపితే, పుట్టిన పిల్లల్లో సుమారు సగం కండలు తిరిగాయి. అనుకున్నట్టే జరిగింది. తరవాత కండలు తిరిగిన ఆడగొర్రెలను మామూలు పొట్టేలుతో కలిపారు. ఈసారి కూడా సగం పిల్లలు కండలు తిరగాలి గదా? ఒక్కటి కూడా తిరగలేదు! పోనీ అని కండలు తిరిగిన పొట్టేలునూ, కండలు తిరిగిన గొర్రెనూ కలిపారు. రెండువైపులా బంగారమే గనక, పిల్లల్లో ముప్పాతిక వంతైనా బంగారం కావాలి. తీరా చూస్తే నాలుగింట ఒక వంతే కండలు తిరిగాయి.

ఇదెట్లా జరిగిందో మీరే ఆడి చూడండి. ఒక చింతపిక్కను రెండు బద్దలు చెయ్యండి. బద్దకు ఒక వైపు నలుపు, ఒక వైపు తెలుపు. ఒక బద్ద తండ్రిది, రెండవది తల్లిది అనుకోండి. ఏది ఎవరిదో తెలియటానికి తండ్రి బద్దకు నల్లవైపు ఒక గీత గియ్యండి. తెలుపు పడితే బంగారు జన్యువు పిల్లకు వచ్చినట్టు, నలుపు పడితే మామూలు జన్యువు వచ్చినట్టు. రెంటినీ కలిపి విసరండి. నాలుగు విధాలుగా పడవచ్చు: రెండూ నలుపు, తండ్రిది మాత్రం తెలుపు, తల్లిది మాత్రం తెలుపు, రెండూ తెలుపు. కండలు తిరిగేది "తండ్రిది మాత్రం తెలుపు" పడినప్పుడే. మిగతా మూడు విధాల్లోనూ పిల్ల మామూలు పిల్లే! నలభైసార్లు విసిరితే ఇంచుమించు పదిసార్లు అట్లా పడుతుంది.

నోయెల్ కాకెట్, మిషెల్ జార్జ్ మొదలైన శాస్త్రజ్ఞులు 1996లో ఈ వింత లెక్కను ప్రకటించారు. తండ్రి నుంచి వస్తేనే పనిచెయ్యటం సరే, తల్లి నుంచి కూడా వస్తే ఉన్నది పోవటమేమిటి? దీని కారణం ఇది:

ఉత్తరం మీద తపాలా ముద్ర చూస్తే అది ఏ ఊరినుంచి వచ్చిందో తెలుస్తుంది గదా. కొన్ని జన్యువులకు కూడా అట్లాటి ముద్ర ఉంటుంది. అది తండ్రి నుంచి వచ్చిందో, తల్లి నుంచి వచ్చిందో శరీరానికి తెలుస్తుంది. గొర్రె కణాల్లో 27 జతల క్రోమోజోములు ఉన్నాయి. 18వ జతలో డి.ఎల్.కె.1 అనే జన్యువు ఉన్నది. అది కండ పెరగటానికి తోడ్పడే మాంసకృత్తును తయారుచేయిస్తుంది. తండ్రి ఇచ్చిన ప్రతి మాత్రమే ఈ పని చేస్తుంది, తల్లి ఇచ్చిన ప్రతి మౌనంగా ఉంటుంది. మామూలు గొర్రెపిల్ల పుట్టాక, కండల్లో ఈ పని తగ్గిపోవాలి. కాని బంగారు పొట్టేలు వంశంలో, ఆ జన్యువుకు దగ్గిరలో ఒక్క అక్షరం మారింది. ఆ మార్పు తండ్రి ఇచ్చిన ప్రతిలో ఉంటే, ఆగవలసిన పని ఆగకుండా సాగి, కండ పెరుగుతూ పోతుంది.

తల్లి ఇచ్చిన ప్రతి కూడా పూర్తిగా ఊరుకోదు. దాని పక్కనున్న వేరే జన్యువులు కొన్ని చిన్న సందేశాలను పంపుతాయి. అక్షరం తల్లి ప్రతిలో కూడా మారితే ఈ సందేశాలు ఎక్కువై, తండ్రి ప్రతి చేసే పనికి అడ్డుపడతాయి. అందుచేతనే రెండు వైపుల నుంచీ వచ్చిన పిల్ల మామూలుగా ఉండిపోతుంది.

గొర్రె పుస్తకంలో 250 కోట్లకు పైగా అక్షరాలున్నాయి. అందులో మారిన ఆ ఒక్క అక్షరాన్నీ 2002లో పట్టుకున్నారు. 'ఏ' ఉండవలసినచోట 'జి' ఉన్నది, అంతే! సాలిడ్ గోల్డ్ ఒంట్లో కొన్ని కణాల్లోనే ఈ మార్పు ఉన్నట్టు 2003లో తేలింది. అంటే, అది తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడే అక్షరం మారిందన్నమాట. తాతముత్తాతల దగ్గిర లేని లక్షణం దానితోనే మొదలయింది.

ఇంత జరిగాక, ఈ గొర్రెలు దేశదేశాలా నిండిపోయి ఉంటాయని మీరనుకోవచ్చు. అట్లా జరగలేదు. వాటి మాంసం, అందులోనూ నడుము దగ్గిరిది, నమలటానికి మరీ గట్టిగా ఉన్నది!

కండ మన కంటికి కదలకుండా కనిపించినా, అందులో ఒకవైపు కట్టటమూ, ఒకవైపు కూల్చటమూ ఎప్పుడూ జరుగుతూనే ఉంటాయి. కూల్చే పని చేసేవాటిలో 'కాల్పెయిన్'లు అనేవి ఉన్నాయి. ఇవి కత్తెరల వంటివి. జంతువును కోసిన తరవాత కూడా ఇవి కొంతకాలం కండ పోగులను కత్తిరిస్తూ ఉంటాయి. మాంసం మెత్తబడేది అందువల్లనే. ఈ కత్తెరలను పట్టి ఆపే పదార్థం మరొకటి ఉన్నది, దాని పేరు 'కాల్పస్టాటిన్'. బంగారు పొట్టేలు సంతతి కండల్లో ఈ పదార్థం ఎక్కువగా ఉన్నది. బతికి ఉండగా కూల్చటం తగ్గితే కండ నిలుస్తుంది. కోశాక కత్తిరించటం తగ్గితే మాంసం గట్టిగా ఉంటుంది. ఆ మాంసంలోకి కాల్షియం క్లోరైడు ద్రావణం ఎక్కించి మెత్తబరచాలని కూడా ప్రయత్నించారు. కాని బజారులో కొనేవాడికి గొర్రె కండలతో ఏం పని? అతను చూసేది తినటానికి ఎట్లా ఉన్నదనే.

ఇక్కడ నష్టం తినేవాడికే. ఒక్కొక్కప్పుడు నష్టం మూగజీవాలకే తగులుతుంది. బెల్జియంలో పియెట్రెయిన్ అనే ఊరు పేరుగల పందుల జాతి ఉన్నది. కొవ్వు తక్కువగా, కండ ఎక్కువగా ఉండటానికి అవి ప్రసిద్ధి. కాని ఈ జాతి పందులు చాలా వాటికి భయం కలిగితే చాలు, లారీ ఎక్కిస్తే చాలు, ఒళ్ళు కొయ్యబారి, వేడెక్కి చచ్చిపోయేవి. మాంసం కూడా పాలిపోయి నీరు కారేది. కండలోకి కాల్షియాన్ని వదిలే తలుపు ఒకటున్నది. దాని జన్యువులో ఒక అక్షరం మారి, తెరిచిన తలుపు సరిగా మూతపడటం లేదని 1991లో కెనడాలోని టొరంటో శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. ఈ జన్యువు మెండెల్ లెక్క ప్రకారమే నడుస్తుంది. రెండు ప్రతులూ చెడితేనే ప్రమాదం. ఒక ప్రతి చెడినదాన్ని చూసి గుర్తించటం కష్టం. కాని ఆ తరవాత పంది రక్తం పరీక్షించి దాన్ని కనుక్కునే వీలు కలిగింది. అట్లాటి వాటిని ఏరివేసి, ఎన్నో మందల్లో ఈ చావులను తప్పించారు.

అదే దేశంలో 'బెల్జియన్ బ్లూ' అనే పశువులున్నాయి. కండకు "ఇక చాలు" అని చెప్పే పదార్థం పేరు మయోస్టాటిన్. ఈ పశువుల్లో దాని జన్యువులో 11 అక్షరాలు పోయాయని 1997లో తెలిసింది. చాలు అని చెప్పేది లేక, వాటి ఒళ్ళంతా కండలే. కాని దూడ మరీ పెద్దదిగా ఉండటంవల్ల చాలా ఆవులకు తమంతట తాము ఈనటం సాధ్యం కాదు. పశువైద్యుడు కడుపు కోసి దూడను తియ్యాలి. లాభం మనిషిది, కోత ఆవుది!

మన నెల్లూరు గొర్రెలను చూడండి. తెల్లనిది పల్ల, ముఖాన నల్లమచ్చలు గలది జోడిపి, ఎర్రనిది దోర. వీటిని పెంచేది మాంసం కోసమే. కాని ఎండలో మైళ్ళ దూరం నడిచి మేసి రావాలి గనక కాళ్ళు కూడా పొడుగ్గా, గట్టిగా ఉండాలి. తెలిసిన కాపరి పొట్టేలును ఎన్నుకునేటప్పుడు నడుము నొక్కి కండ ఒక్కటే చూసి ఊరుకోడు. దాన్ని నడిపించి చూస్తాడు, దాని తల్లి పాలిచ్చి పిల్లలను సాకిందా అని అడుగుతాడు. సంతకు వెళ్ళినప్పుడు ఈసారి గమనించండి.

చివరకు మీకొక చిక్కు ప్రశ్న. ఒక రైతు దగ్గిర బంగారు పొట్టేలు వంశపు పొట్టేలొకటి ఉన్నది. చూడటానికి పూర్తిగా మామూలు పొట్టేలే. దాన్ని మామూలు గొర్రెలతో కలిపితే, పుట్టిన పిల్లలన్నీ, ఒక్కటి తప్పకుండా, కండలు తిరిగాయి. ఆ పొట్టేలుకు దాని తల్లి ఏమిచ్చింది, తండ్రి ఏమిచ్చాడు? చింతబద్దలు మీ చేతిలోనే ఉన్నాయి. తిప్పి చూసి చెప్పండి.