సైకిలు తొక్కిన బట్టలు: ఎలా ఉతకాలి, ఎవరు ఉతకాలి?

ఎండలో నాలుగైదు కిలోమీటర్లు సైకిలు తొక్కి ఇంటికి చేరినవారి బట్టలను ఒకసారి గమనించండి. వీపున చెమట, మెడపట్టీ మీద ఎర్రటి దుమ్ము, కుడికాలి అంచున గొలుసు నూనె మరక కనిపిస్తాయి. బడికి వెళ్లే పిల్లవాడు, అంగడికి వెళ్లే తండ్రి, ఆరోగ్యం కోసం ఉదయాన్నే బయలుదేరే యువకుడు - ముగ్గురూ ఇలాంటి బట్టలనే ఇంటి మూలన విడిచి వెళతారు. సాయంత్రం వాటినన్నిటినీ ఒకే బకెట్టులో నానబెట్టి, ఒకే సబ్బుతో, ఒకే బలంతో బాదడం మన ఇళ్లలో అలవాటు. ఆ బాదే చేతులు చాలాచోట్ల ఒక్క తల్లివే. ఈ నెల మన శీర్షికలో రెండు విషయాలు మాట్లాడుకుందాం. ఆ బట్టలను పాడుకాకుండా ఉతకడం ఎలా? ఆ భారం ఎవరిది?

మురికి వేరు, అశుద్ధం వేరు

ముందుగా ఒక సందేహాన్ని తీర్చుకోవాలి. చెమటతో తడిసిన చొక్కాతో నమాజు చేయవచ్చునా అని పిల్లలు తరచుగా అడుగుతుంటారు. మనిషి చెమట నజాసత్ కాదు. దుమ్ము కాదు, గొలుసు నూనె కూడా కాదు. ఇవి బట్టకు అంటినంత మాత్రాన నమాజుకు ఆటంకం కలగదు. అయితే చేతికి గాని కాలికి గాని గ్రీజు మందంగా అంటుకుని, నీరు చర్మానికి తగలకుండా అడ్డుపడితే, వుజూకు ముందు దానిని తప్పక తొలగించుకోవాలి. దారిలో మురుగునీరు చిమ్మి, ఆ అశుద్ధం బట్టపై స్పష్టంగా కనిపిస్తే, అది పోయేవరకు కడగాలి. కంటికి కనిపించని అశుద్ధం అంటిన బట్టను మూడుసార్లు కడిగి, ప్రతిసారీ బాగా పిండాలని హనఫీ ఫిఖ్‌హ్ చెబుతుంది. ఇంకా సందేహం మిగిలితే మీకు దగ్గరలోని ఆలిమ్‌ను సంప్రదించండి.

నమాజు చెల్లుతుంది కదా అని చెమట బట్టలతోనే మస్జిదుకు వెళ్లడం మాత్రం సంస్కారం కాదు. మదీనా చుట్టుపక్కల ఎగువ ప్రాంతాల నుండి శ్రామికులు దుమ్ములో, చెమటలో తడిసి జుమాకు వచ్చేవారని, ఆ రోజు కోసం శుభ్రపడి వస్తే బాగుంటుందని దైవప్రవక్త (స) వారికి హితవు పలికారని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. స్తోమత ఉన్నవారు పనిబట్టలు కాక జుమాకు వేరే జత ఉంచుకోవడం మంచిదన్న బోధ కూడా హదీసు గ్రంథాలలో ఉంది. ఆ హితవులో శ్రమను తక్కువ చేయడం లేదు. పక్కన నిలబడినవాని ఊపిరిని గురించిన శ్రద్ధ ఉంది. సైకిలుపై పనికి వెళ్లేవారు సంచిలో ఒక ఉతికిన చొక్కా, ఒక తహబందు మడిచి పెట్టుకుంటే జుహర్ వేళకు ఏ ఇబ్బందీ ఉండదు.

మన నీళ్లను తెలుసుకోవాలి

నల్లగొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడు గుర్తుకొస్తుంది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల ప్రజలు అనుభవించిన బాధ అలాంటిది. ఆ నీటిని పటికతో, సున్నంతో శుద్ధి చేసే పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ రూపొందించినప్పుడు దానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరే స్థిరపడింది. కానీ ఫ్లోరైడు తాగేనీటికి సంబంధించిన సమస్య. సబ్బు నురగ రాకపోవడానికి కారణం అది కాదు. నీటిలో కరిగివున్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెల్లటి తెట్టుగా మారతాయి. ఆ తెట్టు బట్ట పోగుల మధ్య పేరుకుపోతుంది. తెల్లచొక్కా బూడిదరంగుకు తిరగడం, తువ్వాలు అట్టలా గరుకుబారడం ఇందువల్లనే. తల్లి సరిగా ఉతకలేదని పిల్లలు గొణుక్కుంటారు గాని, తప్పు ఆమె చేతులది కాదు, బోరు నీళ్లది.

మీ ఇంటి నీళ్లను పరీక్షించడం సులభం. సగం నింపిన సీసాలో ఒంటికి రుద్దుకునే సబ్బు తురుము కొద్దిగా వేసి బాగా ఊపండి. నురగ నిలిస్తే మెత్తని నీళ్లు. నురగ రాక పెరుగు విరిగినట్లు తెల్లటి పలుకులు తేలితే ఉప్పునీళ్లు. కృష్ణానీరు నల్లాలో వచ్చే ఊళ్లలో, ఆ నీటిని బోరు నీటితో పోల్చి చూస్తే తేడా మీకే తెలుస్తుంది. రెండూ దొరికే ఇళ్లలో మొదటి ఉతుకు బోరు నీళ్లతో చేసినా, చివరి జాడింపు నల్లా నీళ్లతో చేయడం మేలు.

ఉప్పునీళ్లే గతి అయినప్పుడు సబ్బుబిళ్ల ఎంత అరగదీసినా ప్రయోజనం తక్కువ. ‘సర్ఫు’ అని మనం పిలుచుకునే డిటర్జెంటు పొడి ఈ నీళ్లలో సబ్బుకన్నా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అది అంతగా తెట్టు కట్టదు. నూలుబట్టల కోసం బకెట్టు నీళ్లలో ఒక చెంచా బట్టల సోడా ముందుగా కలిపి కాసేపు వదిలితే నీరు కొంత మెత్తబడుతుంది. అయితే సోడా పట్టుకు, ఉన్నికి పనికిరాదు. చేతులకు కూడా మంటపుట్టిస్తుంది కనుక కర్రతో కలపండి. మన పెద్దలు వాడిన కుంకుడుకాయల రసం కఠినమైన నీళ్లలోనూ నురగనిస్తుంది, రంగులను కాపాడుతుంది. రంగు వెలిసే స్వభావమున్న చేనేత తువ్వాళ్లకు, రుమాళ్లకు ఇప్పటికీ అదే శ్రేష్ఠం.

బట్ట స్వభావాన్ని బట్టి సేవ

నూలు చెమటను పీల్చుకుంటుంది, కాని త్వరగా ఆరదు. పాలియెస్టర్ త్వరగా ఆరుతుంది, కాని ఒంటి జిడ్డును పట్టుకుని వదలదు. అందుకే నాలుగు ఉతుకుల తరువాత కూడా పాలియెస్టర్ చొక్కా తొడుక్కోగానే పాత వాసన లేస్తుంది. ఎండకు తగిన బట్టను తయారుచేయడం ఈ నేలకు కొత్త కాదు. పాత నల్లగొండ జిల్లాలోని పుట్టపాకలో నేసే తేలియా రుమాలు నూలును నూనెలో, బూడిద నీటిలో పలుమార్లు నానబెట్టి సిద్ధం చేస్తారు. ఒకప్పుడు ఇలాంటి రుమాళ్లు అరబ్బు దేశాలకు ఎగుమతి అయి, అక్కడివారి తలలను ఎండ నుండి కాపాడాయి. నేసినవారు అంత శ్రద్ధతో బట్టకు ఒక గుణాన్ని ఇస్తారు. ఉతికేటప్పుడు మనం తొందరపడితే ఆ గుణం పోతుంది.

ఈ మధ్య మన యువకులు సైకిలు కోసం ప్రత్యేకంగా కుట్టిన సాగేబట్టల చొక్కాలు, లోపల మెత్త ఉన్న నిక్కర్లు కొంటున్నారు. అవి ఒంటికి అతుక్కునేవి కనుక, బయటికి వెళ్లేటప్పుడు పైన వదులైన పైజామా తొడుక్కోవడం సత్‌ర్‌కు, మర్యాదకు తగినది. వాటిలోని సాగే పోగుకు వేడి, బ్లీచింగు రెండూ శత్రువులే. వేడినీళ్లు పోయకండి. బండకేసి బాదకండి. మెలిపెట్టి పిండకండి. ఇస్త్రీ వద్దు. మెత్తదనం కోసం చివర్లో కలిపే సువాసన ద్రవం కూడా వద్దు, అది పోగులపై పొరలా పేరుకుని చెమటను బయటికి పంపే శక్తిని తగ్గిస్తుంది. లోపల మెత్త ఉన్న నిక్కరును ఒకసారి తొడిగితే ఉతకకుండా రెండోసారి తొడగరాదు. తడిమెత్తలో పెరిగే సూక్ష్మజీవులు తొడల మధ్య కురుపులను, తామరను తెచ్చిపెడతాయి.

ఆడపిల్లల బట్టల విషయంలో మరొక జాగ్రత్త ఉంది. చున్నీ, బుర్ఖా అంచు గొలుసులో, చక్రపు పుల్లల్లో చిక్కుకుంటే బట్ట చిరగడమే కాదు, ప్రాణానికే ముప్పు. గొలుసుకు మూత వేయించండి, వెనుక చక్రానికి జాలీ బిగించండి. అంచును పైకి మడిచి పిన్ను పెట్టుకోవడం అలవాటు చేయండి. చెమట ఎక్కువగా పట్టేది తలకు చుట్టుకునే స్కార్ఫుకే గనుక దానిని ఏ రోజుకారోజు ఉతకాలి. వెంట్రుకలు తడిగా ఉండగా దానిని చుట్టుకోరాదు.

ఆ సాయంత్రమే, అరబకెట్టు నీళ్లతో

చెమట శరీరం నుండి వెలువడినప్పుడు దానికి పెద్దగా వాసన ఉండదు. గంటల తరబడి ముద్దగా పడివున్న బట్టలో సూక్ష్మజీవులు చేరి ఆ వాసనను పుట్టిస్తాయి. నల్లచొక్కా వీపు మీద కనిపించే తెల్లచారలు చెమటలోని ఉప్పు. ఉప్పు కరగడానికి సబ్బు అక్కరలేదు, వట్టి నీళ్లు చాలు. కాబట్టి ఇంటికి రాగానే స్నానం చేసే సమయంలోనే, విడిచిన బట్టను తిరగవేసి, అరబకెట్టు నీళ్లలో నాలుగుసార్లు జాడించి ఆరవేయాలి. ఇది అయిదు నిమిషాల పని. సబ్బు ఉతుకు దాని తరువాత తీరికగా చేసుకోవచ్చు. ఈ ఒక్క అలవాటు వల్ల వాసన తగ్గుతుంది, బట్ట ఎక్కువకాలం మన్నుతుంది, ఉతికేవారి శ్రమ సగానికి తగ్గుతుంది.

పాలమూరు, దేవరకొండ వైపు చెలక భూముల ఎర్రమట్టి అంటినప్పుడు మాత్రం వెంటనే నీళ్లలో ముంచకండి. మట్టి ఆరనిచ్చి, దులిపి, బ్రష్షుతో రాలగొట్టిన తరువాతే తడపాలి. ముందే తడిపితే అది పోగుల్లోకి దిగుతుంది. ఆ ఎరుపు ఇనుము వల్ల వచ్చిన రంగు కాబట్టి బ్లీచింగు దానిని పోగొట్టదు. గొలుసు నూనె మరకపై పౌడరు గాని సుద్దపొడి గాని చల్లి, నూనెను పీల్చనిచ్చి దులపండి. తరువాత నీళ్లు తగలకముందే గిన్నెలు తోమే ద్రవాన్ని రుద్ది పావుగంట ఉంచి కడగండి. మరక పూర్తిగా పోయిందో లేదో చూడకుండా ఎండలో వేయడం, ఇస్త్రీ చేయడం మంచిది కాదు. వేడికి మరక మరింత గట్టిపడుతుంది.

మే నెలలో 44, 45 డిగ్రీలు తాకే మన ఎండ తెల్లని నూలు తువ్వాళ్లకు మంచిదే. రంగుబట్టలకు, సాగేబట్టలకు అది కీడు చేస్తుంది. వాటిని తిరగవేసి, గాలి ఆడే నీడలో ఆరవేస్తే చాలు. వానాకాలంలో దండెం మీద ఒకదానిపై ఒకటి వేయక, ఎడం ఉంచి పంకా కింద ఆరవేయండి.

నీళ్ల విషయంలోనూ పొదుపు కావాలి. లీటరుకన్నా తక్కువ పట్టే ఒక ‘ముద్’ నీటితో వుజూ చేసిన ప్రవక్త (స) అనుయాయులం మనం. చివరిసారి జాడించిన నీటిని మరుసటి జత మొదటి ఉతుకుకు, ఆ తరువాత సైకిలు కడగడానికి, వాకిలి కడగడానికి వాడుకోవచ్చు. సోడా, సర్ఫు కలిసిన నీళ్లను మాత్రం మొక్కల మొదట్లో పోయకండి.

ఎవరి బట్ట వారి బాధ్యత

ఇంతవరకు చెప్పినవన్నీ చదివి, ఇంటి ఇల్లాలి నెత్తిన మరో పది నియమాలు పెడితే ఈ శీర్షిక రాసిన ఫలితం దక్కదు. వంట, పిల్లలు, పెద్దల సేవ, నీళ్లు పట్టడం ఇప్పటికే ఆమెవే. రోజుకు మూడు జతల చెమట బట్టలు ఆమె నడుము మీద పడే అదనపు బరువు. సైకిలు తొక్కగలిగిన కాళ్లున్నవానికి, ఆ చొక్కాను జాడించగల చేతులు కూడా ఉన్నాయి కదా!

దైవప్రవక్త (స) ఇంట్లో ఏంచేసేవారని అడిగినప్పుడు, తన ఇంటివారి పనుల్లో పాలుపంచుకునేవారని, నమాజు వేళకు బయటికి వెళ్లేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఆయన తన బట్టలు తానే కుట్టుకునేవారు, తన చెప్పులు తానే బాగుచేసుకునేవారు. తన చొక్కా తానే ఉతుక్కోవడం మగతనానికి తక్కువ అని భావించేవారు ఈ విషయం గురించి ఆలోచించాలి. ఏడేళ్ల బిడ్డకు మనం నమాజు నేర్పుతాం. అదే ఈడులో తన రుమాలు తాను జాడించుకోవడం నేర్పడం కష్టమేమీ కాదు. పన్నెండేళ్లు వచ్చేసరికి బడి యూనిఫారం, పదిహేనేళ్లకు తన సైకిలు బట్టలన్నీ తానే చూసుకోగలగాలి. ఈ మాట కూతుళ్లకు ఎంత వర్తిస్తుందో కొడుకులకూ అంతే వర్తిస్తుంది. కొడుకు తండ్రిని చూసి నేర్చుకుంటాడు కాబట్టి మొదటి బకెట్టు తండ్రే పట్టుకోవాలి.

ఈ రాత్రి భోజనాల వేళ ఇంట్లో ఒక మాట అనుకోండి. రేపటి నుండి ఎవరు సైకిలు దిగితే వారు, కూర్చోకముందే తమ చొక్కాను నీళ్లలో జాడించాలి. స్నానాలగది పక్కన ఒక బకెట్టు, ఒక దండెం ఏర్పాటు చేస్తే చాలు. శరీరాన్ని, వస్త్రాన్ని, తోటివారి పట్ల మన ప్రవర్తనను పరిశుద్ధంగా ఉంచుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.