"ఒళ్లు తెలియలేదు" అనే అబద్ధం

తాగి బండి నడిపి మనిషిని గుద్దినవాడు చెప్పే మొదటి మాట "ఒళ్లు తెలియలేదు" అని. ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటారు, రాజీ కుదిర్చే పెద్దలు ఒప్పుకుంటారు. మనమూ ఒప్పుకోవాలా?

చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి మన తగరపువలస మీదుగానే పోతుంది. రోడ్డు మీద పోలీసు తనిఖీ ఉందని తెలిస్తే తాగినవాడు ఏం చేస్తాడు? బండిని చిట్టివలస సందుల్లోకి తిప్పుతాడు. జరిమానా తప్పించుకోవడానికి ఉన్న నిగ్రహం రోడ్డు దాటే మనిషి విషయంలో ఎక్కడికి పోతోంది? మద్యం చూపునూ చేతినీ మందగింపజేస్తుందన్నది నిజమే. కానీ బండి మీద దుకాణానికి వెళ్లాలని, మళ్లీ అదే బండి మీద రావాలని అనుకున్నది మొదటి గ్లాసుకు ముందే, పూర్తి తెలివితోనే.

ఆడవాళ్లకు నిగ్రహం పుట్టుకతోనే ఎక్కువని మనల్ని మెచ్చుకునేవాళ్లున్నారు. ఆ మెప్పు మనకొద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తాగే మగవాళ్లు సుమారు 23 శాతం, ఆడవాళ్లు అర శాతం. అది పుట్టుక గుణమే అయితే పక్కనున్న తెలంగాణలో తాగే ఆడవాళ్లు దాదాపు 7 శాతం ఎందుకున్నారు? నిగ్రహం నేర్పితే వస్తుంది. ఆడపిల్లకు కాపలా పెట్టి నేర్పారు. మగపిల్లవాడికి "మగాడు కదా" అని వదిలేశారు. (అంతే మద్యం తాగితే ఆడవాళ్ల రక్తంలో అది ఎక్కువగా చేరుతుంది, శరీరంలో నీటి పాలు తక్కువ గనుక. బండ్లు నడిపే మన అమ్మాయిలకూ ఇది తెలియాలి. చట్టం పెట్టిన హద్దు, 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా., అందరికీ ఒకటే.)

హైదరాబాద్‌లో పట్టుబడినవాళ్లను కౌన్సెలింగ్‌కు భార్యనో తల్లిదండ్రులనో వెంటబెట్టుకు రమ్మన్నారు. తాగింది అతను, తలదించుకుని కూర్చోవలసింది ఆమె! అతని నిగ్రహానికి కూడా ఆమెదే పూచీ అన్నమాట. 2019 సవరణతో మొదటి నేరానికి జరిమానా 10,000 రూపాయలకు పెరిగింది. అది ఏ పొదుపు సంఘం అప్పులోంచి కట్టారో ఎవరూ అడగరు.

ఇక ప్రభుత్వం నిగ్రహం చూడండి. దూబగుంట ఆడవాళ్లు 1992లో రాజేసిన ఉద్యమంతో 1995లో వచ్చిన మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. జాతీయ రహదారికి 500 మీటర్ల లోపు దుకాణాలు వద్దని 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడాదే పట్టణాలకు సడలింపు వచ్చింది. 2024 అక్టోబర్‌లో మన రాష్ట్రం 3,396 దుకాణాలను ప్రైవేటువాళ్ల చేతికిచ్చింది.

కౌన్సెలింగ్‌కు తాగినవాణ్ణి ఒక్కణ్ణే పిలవాలి. లైసెన్సు సస్పెండ్ చేసే అధికారం చట్టంలో ఉంది, దాన్ని వాడాలి. రాజీకి వచ్చిన పెద్దలను మన సంఘాలు స్టేషన్ గుమ్మంలోనే నిలదీయాలి.