సెల్‌ఫోను సేవ: సగటు లెక్క చాటున భైంసా

వెల చెల్లించి కొనెడి ప్రతి వస్తువునకును తూకము ఉండవలయును. ఆ తూకమును పరీక్షించు అధికారియు ఉండవలయును. పత్తి కాంటాలో నాలుగు కిలోలు తగ్గినచో భైంసా రైతు ఊరకుండడు. కాని అదే రైతు ముందుగా సొమ్ము కట్టి కొనుచున్న సెల్‌ఫోను సేవను తూచువా రెవరు? ఆ తూకములో భైంసా వంతు ఎంత?

ఇది విలాసములకు సంబంధించిన ప్రశ్న కాదు. మద్దతు ధరకు పత్తి అమ్మదలచిన రైతు ‘కపాస్ కిసాన్’ యాప్‌లో నమోదై, ముందుగా స్లాటు తీసికొనవలెనని 2025లో కాటన్ కార్పొరేషను వారు నియమము చేసిరి. సిగ్నలు లేనిచో స్లాటు లేదు. స్లాటు లేనిచో మద్దతు ధర కాగితముపైననే నిలుచును, పత్తి ప్రయివేటు వర్తకుని కాంటాకు పోవును. 2020 జనవరి అల్లర్లవేళ ఇచ్చట ఇంటర్నెట్టు నిలిపివేయబడుట వేరు మాట. మేము చెప్పునది ప్రశాంత దినములలో తెగిపోవు సేవను గూర్చి.

సేవా ప్రమాణములను నిర్ణయించు బాధ్యత 1997 చట్టముచే ఏర్పడిన ట్రాయ్ సంస్థది. నడుమ తెగిన ప్రతి కాల్‌కును రూపాయి చొప్పున, దినమునకు మూడు రూపాయలకు మించకుండ, వాడుకరికి పరిహార మీయవలెనని 2015లో ఆ సంస్థ శాసించెను. 2016 మే 11వ తేదీన సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. నూటికి రెండు కాల్స్ తెగుటను తానే సహించి, ఆ హద్దులో నిలిచిన కంపెనీని గూడ దండించుట అన్యాయమని న్యాయస్థానము తలచెను. ఆ తర్కమును మేము కాదనము. కాని హద్దు మీరినప్పుడు విధించు జరిమానా ఖజానాకు చేరునేగాని, కాల్ తెగినవాని చేతికి పైసయైన రాదు.

2017లో ట్రాయ్ కేవల సగటును విడిచి, తొంబది శాతము సెల్లులు తొంబది శాతము దినములలో ఆ రెండు శాతము హద్దునకు లోబడవలెనని నిర్ణయించెను. ఇది మేలైన మార్పే. అయినను లెక్కకు క్షేత్రము సర్కిలు; మన సర్కిలులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు రెండును ఇమిడియున్నవి. హైదరాబాదు రాజవీధులును, కుభీర్, తానూర్ మండలముల సరిహద్దు పల్లెలును ఒక్క రాశిలోనివే. మిగిలిన పదవ వంతు ఎచ్చట పడును? రాబడి పలుచనగు చోటనే పడుటకు అవకాశము మెండు. అప్పుడు కంపెనీ నియమమును మీరినట్లు కాదు; పల్లెకు సేవయు అందదు.

2024 అక్టోబరు 1 నుండి అమలునకు వచ్చిన కొత్త నియమములు కొంత ముందడుగు వేసినవి. సిగ్నలు ఎచ్చట అందునో తెలుపు పటములను కంపెనీలు ప్రకటింపవలెను. జిల్లాలో సేవ ఇరువదినాలుగు గంటలకు మించి స్తంభించినచో పోస్టుపెయిడ్ వారికి అద్దెలో తగ్గింపును, ప్రీపెయిడ్ వారికి గడువు పొడిగింపును ఈయవలెను. జరిమానా పది లక్షల రూపాయల వరకు పెరిగెను. కాని ఇచ్చటను కొలత జిల్లాయే. ఒక పల్లెలోని ఒంటి టవరు మూడు దినములు మూగవోయినను అది ఈ నియమము క్రిందికి రాదు.

పల్లెలలో టవరు నిలుపుట నష్టమని కంపెనీలు చెప్పవచ్చును. ఆ నష్టమును పూడ్చుటకే టెలికాం రాబడిపై సుంకముతో సార్వత్రిక సేవా నిధి ఏర్పడినది. అదియే నేడు డిజిటల్ భారత్ నిధి. కావున ధనము లేదను సాకు చెల్లదు.

మా కోరిక స్పష్టము. సేవా ఫలితములను మండలము వారీగా, పట్టణము వారీగా ప్రకటింపవలయును. భైంసా నుండి బాసర, ముధోల్ మార్గములలో పరీక్షలు జరిపి ఫలితములను తెలుగులో వెల్లడింపవలయును. స్తంభనకు కొలత జిల్లా గాక మండలము కావలయును.

ప్రజలకును కర్తవ్యమున్నది. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదును విచారింపదు. మొదట కంపెనీకి ఫిర్యాదు చేసి నంబరు పుచ్చుకొనవలెను. పరిష్కారము కానిచో కంపెనీలోని అప్పీలు అధికారికి వ్రాయవలెను. వినియోగదారుల కమిషనుకు టెలికాం వివాదములను వినెడి అధికారము కలదని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చినది. వర్తక సంఘములును, రైతులును నంబరులతో, తేదీలతో ఒక పట్టిక సిద్ధపరచినచో, సర్కిలు సగటులో దాగిన భైంసా కష్టము లెక్కకెక్కును. నోటిమాటగా మిగిలిన ఫిర్యాదును ఏ అధికారియు తూచజాలడు.