మనసు విప్పుట కెవరియొద్దకు పోవలెను?

అశ్వారావుపేటనుండి ఒక సోదరి వ్రాసిన జాబు ఈ నెల మమ్ము చాలసేపు ఆలోచింపజేసినది. ఇల్లు, పామాయిలు తోట లెక్కలు, అత్తగారి మందులు అన్నియు ఆమె చేతిమీదుగనే నడచును. అయినను నలుగురిలో నోరు విప్పుటకు భయము. ఎవరైన మెచ్చుకొన్నచో వెక్కిరించుచున్నారని అనుమానము. “నేనెందుకును పనికిరాను” అను మాట 20 ఏండ్లుగా లోపల మ్రోగుచున్నదట. మొన్న ఆమె తొమ్మిదేండ్ల కూతురు లెక్క తప్పుచేసి అదే మాట అన్నదట. “ఇక చికిత్స చేయించుకొందును, ఎవరియొద్దకు పోవలెను?” అని ఆమె ప్రశ్న.

ఇట్టి జాబులకు మేమొకప్పుడు “ధైర్యము వహింపుడు” అని వ్రాసి చేతులు దులుపుకొనెడివారము. సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము.

సోదరీ, ఎడతెగని నీరసము కూడ ఉన్నచో ముందుగా రక్తహీనత, థైరాయిడు పరీక్షలు చేయించుకొనుడు. ఆ లోపములును మనసును క్రుంగదీయును. తరువాత మనుష్యుని వెదకుట. సైకియాట్రిస్టు ఎం.బి.బి.ఎస్. పిమ్మట మానసిక వైద్యము చదివిన డాక్టరు, మందు వ్రాయగలడు. క్లినికల్ సైకాలజిస్టు మాటలతోనే చికిత్స చేయును. వీరికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు సంఖ్య యుండును. దానిని అడుగుట అవమానించుట కాదు. ఉత్త ‘కౌన్సిలర్’ అను బోర్డు కొలదిపాటి శిక్షణతో కట్టువారును గలరు.

మీ ఊరినుండి సత్తుపల్లిమీదుగా ఖమ్మము పోవచ్చును. కొత్తగూడెములో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైనది. కాని తెలిసినవారి కంట బడక బస్సెక్కుటయే మీకు పెద్దపని అని మాకు తెలియును. కావున మొదటి అడుగు టెలిఫోనుతో వేయుడు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్ సంఖ్య 14416. ఖర్చు లేదు, రాత్రింబవళ్లు పలుకుదురు, తెలుగున మాటాడవచ్చును. తోటలో ఒంటరిగ నున్నప్పుడు చేయుడు. చచ్చిపోదమను తలపు వచ్చినచో తోటదాక ఆగవలదు, ఆ క్షణముననే చేయుడు.

సంగతి బయటపడునను భయమును వ్రాసినారు. చికిత్స పొందువారి విషయములు గోప్యముగ నుంచవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. ప్రాణాపాయము వంటి కొన్ని సందర్భములే మినహాయింపు. థైరాయిడు పరీక్షకని అత్తగారితో చెప్పి పోవచ్చునా అని అడిగినారు. ఆ పరీక్షయు చేయించుకొనుచున్నారు గదా, అది అబద్ధ మెట్లగును?

ఇక అసలు చిక్కు. తన్ను తాను తక్కువగా నెంచు స్త్రీ, చికిత్స పనిచేయనప్పుడు లోపము తనదే యనుకొనును. రుసుమెంత, ఎన్ని మారులు రావలెను, ఏ పద్ధతి యని అడుగదు. నచ్చకున్నను పోవుచునే యుండును. మీరట్లు చేయవలదు. మూడు నాలుగు మారులు పోయిన పిమ్మట “మీరన్నది నాకు సరిపడలేదు” అని ఒక్కసారి అని చూడుడు. మంచివారు కారణమడుగుదురు, చిన్నబుచ్చుకొనరు. చిన్నబుచ్చుకొనినచో మరియొకరిని వెదకుడు. ఊరక పొగడువారిని కూడ మేము నమ్మము. అమెరికాలో ఆరన్ బెక్ 1960లనాట రూపొందించిన పద్ధతిలో పొగడ్త లేదు. తలపును కాగితముపై నిలిపి సాక్ష్య మడుగుదురు. తోట లెక్కలో తప్పు పడినది, సరే; తప్పు పడని నెలలెన్ని? లెక్కలు వ్రాయు మీకు ఆ పని క్రొత్తది కాదు.

అమ్మాయికి ఇప్పుడే వైద్యు డక్కరలేదని మాకు తోచుచున్నది. ఆ లెక్క మరల చేసినదా? వచ్చు జాబులో వ్రాయుడు.