తరగతి గదిలో బెల్ హుక్స్

కెంటకీ రాష్ట్రంలోని హాప్కిన్స్‌విల్‌లో, వర్ణ విభజన అమల్లో ఉన్న రోజుల్లో, గ్లోరియా జీన్ వాట్కిన్స్‌కు చిన్న తరగతుల్లో చదువు చెప్పినవారు దాదాపు అందరూ నల్లజాతి పంతులమ్మలే. ఏ పిల్ల ఎవరి కూతురో, ఏ చర్చికి వెళ్తుందో, ఇంట్లో ఇబ్బందులేమిటో వాళ్లకు తెలుసు. తెల్లవాళ్ల పెత్తనం సాగే దేశంలో చదువుకోవడమే ఒక తిరుగుబాటని వాళ్ల నమ్మకం. తెల్లవాళ్ల ఇళ్లలో పనిచేసే తల్లికి పుట్టిన ఆ అమ్మాయికి బడి అంటే పండగ.

విభజన రద్దయి, బస్సెక్కి కొత్త బడికి వెళ్లాక ఆ పండగ పోయింది. అక్కడ నల్లపిల్లల నుంచి కోరింది విధేయతే. చదువు మీద మరీ మక్కువ చూపితే పొగరుగా లెక్కగట్టారు. బెల్ హుక్స్ అన్న కలం పేరుతో ప్రపంచమెరిగిన ఈ పండితురాలి బోధనా చింతనకు మూలం ఆ నష్టమే. స్టాన్‌ఫర్డ్‌లో పట్టా, 1983లో శాంటా క్రూజ్‌లో డాక్టరేట్, ఆపైన యేల్, ఓబర్లిన్‌లలో బోధన. ఎక్కడున్నా ఆమె వెతికింది ఆ పంతులమ్మల తరగతినే.

శాంటా క్రూజ్‌లో ఉండగా బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రేరే అక్కడికి వచ్చారు. స్త్రీవాద విమర్శతో చర్చను చెడగొడుతుందేమోనని నిర్వాహకులు మొదట ఆమెను పిలవలేదు. చివరి నిమిషంలో ఎవరో తప్పుకోవడంతో చోటు దొరికింది. ఫ్రేరే రచనల్లోని పురుషాధిక్యం గురించి ఆమె అడగబోతే నోరు నొక్కాలని చూశారు. ఫ్రేరే అడ్డుపడి, అవి చాలా ముఖ్యమైన ప్రశ్నలని చెప్పి జవాబిచ్చారు. గురువును ప్రేమిస్తూనే నిలదీయవచ్చని చూపిన ఆ ఘట్టం, ఆయనపై వచ్చిన ఎన్నో పొగడ్తల కంటే విలువైనది.

ఆమె తరగతిలో ప్రతి విద్యార్థీ తాను రాసుకున్న పేరా చదివి వినిపించాలి. మూల కూర్చుని దాక్కునే వీల్లేదు. తాను చెప్పుకోలేని సంగతి విద్యార్థిని చెప్పమని అధ్యాపకుడు అడగకూడదన్నది ఆమె నియమం. అన్నిసార్లూ ఈ పద్ధతి ఫలించలేదు. ఉదయం తొమ్మిదికి ముందే మొదలయ్యే ఒక తరగతి పూర్తిగా విఫలమైంది. ఆ గదికి వెళ్లాలంటేనే ఆమెకు విరక్తి పుట్టింది. స్వేచ్ఛ ఇస్తామన్నా భయపడే విద్యార్థులుంటారని 1994 నాటి ‘టీచింగ్ టు ట్రాన్స్‌గ్రెస్’లో దాపరికం లేకుండా రాశారు.

2004లో ఆమె కెంటకీకే తిరిగి వెళ్లి, విద్యార్థుల నుంచి ట్యూషన్ ఫీజు తీసుకోని బెరియా కళాశాలలో చేరారు. 2021 డిసెంబరు 15న బెరియా ఊళ్లోనే కన్నుమూశారు.

ఆమె రాసింది మనకూ వర్తిస్తుంది: మన గురుకులాల్లో, ప్రభుత్వ బడుల్లో ఇంటికి తొలి చదువరులైన పిల్లలు కూర్చుంటున్నారు. వాళ్ల ముందు నిలబడబోయే వారి కోసం బి.ఎడ్. పాఠ్యాంశాలు రూపొందించేవారు ‘టీచింగ్ టు ట్రాన్స్‌గ్రెస్’కు చోటివ్వాలి.